గుండె డాక్టర్ హెలెన్ టాసిగ్ గురించి చెప్తారా?

కావలి టీచర్: పదో తరగతికి రక్తప్రసరణ పాఠం చెబుతున్నా. టాసిగ్‌కి చెవులు సరిగా వినపడేవి కావట, మరి గుండె డాక్టరుగా ఎట్టా నెగ్గుకొచ్చింది?

ఒంగోలు మెడికో: మేడమ్, ఆమె పిల్లల ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండె కొట్టుకునే తీరు పట్టేసేది, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట అర్థం చేసుకునేది. కొందరు పసిపిల్లలు పెదాలు, గోళ్లు నీలంగా మారి ఆయాసపడేది ఊపిరితిత్తులకు చాలినంత రక్తం పోకనే అని గ్రహించి, ఇంకో దారి కల్పిస్తే సరిపోతుంది కదా అని సర్జన్ బ్లాలాక్‌ని అడిగింది. 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, ఒక పాపకి చేతికి వెళ్లే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి కుట్టారు. ఆ మొదటి పాప కొన్ని నెలలకే చనిపోయింది, కానీ తర్వాత వేలమంది పిల్లలు బతికారు.

నెల్లూరు ల్యాబ్ టెక్నీషియన్: వివియన్ థామస్ పేరు మాత్రం వదలొద్దండీ! కాలేజీ డిగ్రీ లేని నల్లజాతి టెక్నీషియన్, ల్యాబ్‌లో కుక్కల మీద ఆ ఆపరేషన్ ముందే చేసి చూసింది ఆయనే. ఆపరేషన్ రోజు బ్లాలాక్ వెనకాల నిలబడి ఎట్లా కుట్టాలో చెప్పింది కూడా ఆయనే. పేరు రావడానికి దశాబ్దాలు పట్టింది, అది అన్యాయం.

ఒంగోలు మెడికో: నిజమే అన్నా. టీచర్ గారూ, 1965లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కి మొదటి మహిళా అధ్యక్షురాలు కూడా టాసిగ్గే, ఆడపిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.