పిల్లలు చేసుకున్న బ్యాట్‌ని లాక్కోవడం న్యాయమేనా?

గోదారిగట్టు:
మా అపార్ట్‌మెంట్ పిల్లలు కొబ్బరి మట్టతో బ్యాట్ చేసుకున్నారు. అసోసియేషన్ పెద్దలు దాన్ని లాక్కుని చెత్తబండికి ఎక్కించారు. దెబ్బ తగిలితే పూచీ ఎవరిదట, ఇకమీదట క్రికెట్ కిట్టు ఉన్నవాళ్లే ఆడాలట. ఆ బ్యాట్ నేను చేత్తో పట్టుకుని చూశాను. మట్ట మొదలు వెడల్పుగా ఉంటుంది కదా, అది బ్లేడు. సన్నబడే వైపు పిడి. అంచులు గచ్చు మీద అరగదీసి నున్నగా చేశారు. పిడికి సైకిల్ ట్యూబు బిగించి చుట్టారు. బంతి కూడా వాళ్లదే, కాగితం ఉండ మీద ట్యూబు రింగులు ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. పారేయడానికి ఎలా చేతులొచ్చాయో నాకు అర్థం కావట్లేదు. మీరేమంటారు?

బాల్కనీ_మొక్కలు:
పారేయడమే మంచిది. మా వంటింటి కిటికీ అద్దం ఇలాంటి ఆటలోనే పగిలింది.

ఓరుగల్లు_చిన్నోడు:
అద్దం పగలగొట్టింది బంతి గదా, బ్యాట్ ఏం జేసింది? మేం చిర్రగోనె, అదే మీ బిళ్ళంగోడు, సొంతంగా చెక్కుకునే పెరిగినం.

నెట్‌ప్రాక్టీస్:
ముచ్చట వేరు, ఆట వేరు. మట్టకి ఒక పక్క ఉబ్బు, ఒక పక్క పల్లం. పచ్చిగా ఉంటే బరువు, ఎండితే తేలిక, ఆ తర్వాత పగులు. బరువు మారిపోయే బ్యాట్‌తో చెయ్యి ఎప్పటికి కుదురుతుంది? తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది. ఒక్క దెబ్బకి మట్ట చీలుతుంది. బ్లేడు చెక్కదే అయి ఉండాలి, వెడల్పు 10.8 సెంటీమీటర్లు దాటకూడదు అని రూలు ఊరికే పెట్టలేదు.

గోదారిగట్టు:
తోలు బంతి అని ఎవరన్నారు? ట్యూబు బంతి అని రాశాను. వెడల్పు రూలు కూడా పిల్లల భద్రత కోసం వచ్చింది కాదండీ. 1771లో థామస్ వైట్ అనే ఆటగాడు వికెట్లంత వెడల్పున్న బ్యాట్‌తో దిగితే, అది మళ్లీ జరక్కుండా పెట్టారు.
అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో ఈత కోసం చేతికి చెక్క పలకలు చేసుకున్నాడు. పది అంగుళాల పొడవు, ఆరు వెడల్పు, బొటనవేలికి కన్నం. వాటితో వేగం పెరిగింది, మణికట్లు మాత్రం అలిసిపోయేవి. రెండూ ఆయనే రాశాడు. చేసి చూశాడు కాబట్టే లోపం తెలిసింది. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు స్టంపు పట్టుకుని, నీళ్ల ట్యాంకు దిమ్మకి గోల్ఫ్ బంతి కొట్టి సాధన చేశాడు.

నెట్‌ప్రాక్టీస్:
ఎవర్ని కదిపినా బ్రాడ్‌మన్ పేరే! టెస్టుల్లో ఆయన పరుగుల సగటు 99.94. ఆ సగటు స్టంపుతో వచ్చిందా? మైదానంలోకి అసలు బ్యాట్‌తోనే దిగాడు.

గోదారిగట్టు:
స్టంపు పట్టుకున్న ఆ చేతులతోనే దిగాడు.

బాల్కనీ_మొక్కలు:
మా చిన్నాన్న కొడుక్కి బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ తగిలి ఒక కన్ను పోయింది. మీరంతా మాట్లాడేది చేతుల గురించి.

మామిడితోట:
బాధాకరమే అమ్మా. కానీ బిళ్ళ కొన్నదైనా, చెక్కినదైనా అంతే తగులుతుంది. పిల్లలు ఎక్కడ నిలబడాలో చెప్పే పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మా అమ్మాయి దోమతెర ముక్కతో షటిల్ నెట్ కట్టింది, ఇప్పటికీ దాని మీదే ఆడుతున్నారు.

ఓరుగల్లు_చిన్నోడు:
నెట్‌ప్రాక్టీస్ అన్నా, నీకు పేద పిల్లల ఆటంటే ఎందుకంత చులకన?

నెట్‌ప్రాక్టీస్:
నాకా చులకన? కొనిచ్చే దిక్కు లేక తాటి మట్టతో ఆడినవాణ్ణి నేను. జిల్లా సెలెక్షన్స్‌కి వెళ్తే బూట్లు లేవని వరసలోంచి పక్కకి పంపేశారు, ఒక్క బంతి కూడా ఆడనివ్వలేదు. సొంతంగా చేసుకోవడం గొప్ప అని ఇప్పుడు అందరూ మురిసిపోతున్నారు. ఆ రోజు ఒక్కరూ అనలేదు. అందుకే నా కొడుక్కి అప్పు చేసైనా కిట్టు కొన్నాను. దాన్ని తప్పంటే ఊరుకోను.

గోదారిగట్టు:
కొనడం తప్పని నేనెక్కడా రాయలేదు. మా ఇంట్లోనూ కిట్టు ఉంది. ఆ బ్యాట్ చేసింది మా వాచ్‌మన్ గారబ్బాయి. కిట్టు ఉన్న పిల్లలు కూడా వాడి బ్యాట్ కోసం వంతులు వేసుకునేవాళ్లు. అది కొందరు పెద్దలకు నచ్చలేదు. "కిట్టు ఉన్నవాళ్లే ఆడాలి" అనే రూలు వాడొక్కడి కోసమే. మిమ్మల్ని బూట్లు లేవని పంపేసినట్టే వీణ్ణీ పంపేశారు. నా గొడవంతా అదే.

నెట్‌ప్రాక్టీస్:
ఈ సంగతి మొదటి పోస్టులోనే రాయాల్సింది కదండీ! మట్టబ్యాట్ మీద నా మాట మారదు, సెలెక్షన్స్‌కి దాంతో పంపొద్దు. కానీ ఆ రూలు మాత్రం ఉండకూడదు. మీటింగ్ ఎప్పుడు?

గోదారిగట్టు:
ఆదివారం పొద్దున్న. కిట్టు కొనిస్తామని ఒకరిద్దరు ముందుకొచ్చారు. వాడు వద్దన్నాడు, తన బ్యాట్ తనకి కావాలన్నాడు.

బాల్కనీ_మొక్కలు:
రబ్బరు బంతి మాత్రమే, కిటికీల వైపు కొట్టకూడదు అని రాయించండి. అలాగైతే నాకు అభ్యంతరం లేదు.

ఓరుగల్లు_చిన్నోడు:
బ్యాట్ చెత్తల పోయింది గదా అన్నా, కొత్త మట్ట ఎవరు కొట్టిస్తరు?

గోదారిగట్టు:
మా గేటు పక్కనే కొబ్బరిచెట్టుంది. చెట్టెక్కే ఆయనకి ఫోన్ చేశాను.