రీఆర్గ్యుమెంట్‌ని పునర్విచారణ అనొచ్చా?

— న్యూయార్క్ కోర్టు ఆర్డర్ ఒకటి మా పిన్ని వాళ్ళకి తెలుగులో రాసివ్వాలి, అందులో రీఆర్గ్యుమెంట్ మోషన్ (మోషన్ అంటే కోర్టుకి పెట్టే అర్జీ) అని ఉంది, పునర్విచారణ అనొచ్చా? చివర్లో మోషన్ ఒప్పుకున్నాం, పాత ఆర్డరే ఖాయం అని ఉంది, సింపుల్‌గా "కొట్టేశారు" అంటే సరిపోద్దా అండీ?

— సరిపోదండీ, కొంప మునిగేది అక్కడే. పునర్విచారణ అంటే మనోళ్ళకి సాక్షుల్ని మళ్ళీ పిలిచి కేసు మొదట్నుంచి నడుపుతారేమో అనిపిస్తది. ఇది అది కాదు, అయ్యా మీరు ఫలానా పాయింట్ చూడలేదు, లేదా తప్పుగా అర్థం చేసుకున్నారు అని అదే కోర్టుని అడగడం, అంతే. కొత్త సంగతులు ఎత్తకూడదు, వాటికి రెన్యువల్ అని వేరే మోషన్ ఉంది. "మళ్ళీ వాదన" అనండి చాలు.

ఇక కొట్టేశారు సంగతి. అసలు మళ్ళీ వినం అంటే ఆ ఆర్డర్ మీద అప్పీల్ లేదు. సరే విన్నాం, విన్నాక కూడా పాత మాటే అంటే దానిమీద అప్పీల్ ఉంది. రెండిట్లోనూ మనం ఓడినట్టే, ఇంటికొచ్చి చెప్పేది కొట్టేశారనే, కానీ మొదటిదాంట్లో దారి మూసుకుపోతుంది రెండోదాంట్లో తెరుచుకునే ఉంటుంది. ఇంకో తిరకాసు, పైన డినైడ్ (తిరస్కరించాం) అని రాసి లోపల మెరిట్స్, అంటే వాదనలోని అసలు బలాబలాలు, అంతా చర్చిస్తే పైకోర్టు దాన్ని విన్నట్టే లెక్కేసి అప్పీల్ తీసుకోవచ్చు, అందుకే ఆఖరి లైన్ ఒక్కటే చూసి తర్జుమా చేయకండి.

— మన ఇండియా కోర్టుల్లో రివ్యూ కూడా ఇంతే కదా సార్?

— దాదాపు. సీపీసీ (మన సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 47 రూల్ 7, రివ్యూ తోసిపుచ్చితే దానిమీద అప్పీల్ లేదు, పాత డిక్రీ మీదే వెళ్ళాలి. ఒప్పుకుంటే అవతలి పార్టీ వెంటనే అప్పీల్ వేసుకోవచ్చు. రివ్యూ ఒప్పుకుని, పాత డిక్రీ తీసేసి, మళ్ళీ విని అదే డిక్రీ ఇచ్చినా అప్పీల్ ఈ కొత్తదాని మీదే, 2012లో డీఎస్ఆర్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు ఇది విడమరిచి చెప్పింది. కాకపోతే మన రివ్యూలో కొత్త సాక్ష్యం కూడా ఒక గ్రౌండ్, అక్కడ రీఆర్గ్యుమెంట్‌లో అది కుదరదు.

— అయితే "మళ్ళీ విన్నారు, పాత ఆర్డరే నిలబెట్టారు" అని రాస్తా.

— రాయండి, కిందే న్యూయార్క్‌లో అప్పీల్ గడువు కూడా రాయండి. ఆర్డర్ కాపీ, ఎంట్రీ నోటీసుతో (ఆర్డర్ కోర్టు రికార్డులో నమోదైందని చెప్పే నోటీసు) కలిపి, సర్వ్ అయిన, అంటే మీకు అందజేసిన, రోజు నుంచి మామూలుగా 30 రోజులు. రీఆర్గ్యుమెంట్ వేశాం కదా అని మొదటి ఆర్డర్ మీద అప్పీల్ గడువు మాత్రం ఆగదు, చాలామంది పోగొట్టుకునేది అక్కడే.