25 నిమిషాల టైమరు లెక్క మధ్యలో మోగేస్తోంది, ఏటి చెయ్యాలి?

ఏడురోడ్ల జంక్షన్:
శ్రీకాకుళంలోనే రూము తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాను. పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. పాలిటీకి బాగానే ఉంది గానీ అరిథ్‌మెటిక్ చేస్తుంటే సరిగ్గా లెక్క సగంలో మోగుతుంది. విరామంలో ఫోన్ పట్టుకుంటే 5 నిమిషాలు కాస్తా అరగంట. రూమ్మేట్ మధ్యలో పిలిస్తే ఆ 25 నిమిషాలు లెక్కలో వేసుకోవాలా, వద్దా? 50 నిమిషాలకి మార్చేయమని కొందరంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి మాస్టారూ.

గంటస్తంభం:
తమ్ముడూ, రూమ్మేట్ సంగతి ముందు. లేచి వెళ్లిపోయావా, అది రద్దు. 18 నిమిషాలు అయిపోయినా సరే, మళ్లీ సున్నా నుంచే. 1980ల చివర్లో ఈ పద్ధతి తయారుచేసిన ఫ్రాంచెస్కో చిరిల్లో ఈ విషయంలో సగాలు, పావులు ఒప్పుకోలేదు. కూర్చున్నచోటి నుంచే "పది నిమిషాలాగి వస్తాను" అని చెప్పి, ఆ పని కాగితం మీద రాసుకుని చదువులోకి వచ్చేస్తే మాత్రం రద్దు కాదు.

పక్కనే ఆ కాగితం ఉంచు. బయటివాళ్లు కదిపితే ఒక గీత, నీ మనసే "రీఛార్జ్ అయిపోయిందేమో" అని లాగితే ఒక చుక్క. రాత్రికి చూసుకో. గీతలు ఎక్కువుంటే కూర్చునే చోటో వేళో మార్చాలి. చుక్కలు ఎక్కువుంటే చాలాసార్లు పనిని సరిగ్గా రాసుకోకపోవడమే కారణం. "రాజ్యాంగం చదవాలి" అనేది పనే కాదు. "ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 దాకా అధికరణలు ఒకసారి చదివి 20 బిట్లు చెయ్యాలి", ఇది పని. ఒక 25 నిమిషాల చదువుని ఒక విడత అనుకో. ఒక పనికి ఏడు విడతలు దాటేలా ఉంటే ముక్కలు చెయ్యి. సగం విడతకే అయిపోయే చిన్నవాటిని రెండు మూడు కలిపెయ్యి.

నాగావళి గట్టు:
లెక్కల దగ్గర తప్పు 25 నిమిషాలది కాదు, ఆఖరి లెక్క ఎత్తుకున్న వేళది. 21వ నిమిషం దాటాక కొత్త లెక్క మొదలుపెట్టొద్దు. మిగిలిన నాలుగు నిమిషాలూ చేసినవాటిని సరిచూడు, తప్పుపోయినవి నోట్సులోకి ఎక్కించు. అయినా మధ్యలో మోగిందనుకో, పెన్ను కిందపెట్టేముందు తర్వాతి మెట్టు ఒక్క లైను రాసి లే: "అసలు వచ్చింది, రెండో ఏడాది చక్రవడ్డీ కట్టాలి." తిరిగొచ్చి మొదటినుంచి చదువుకునే బాధ తప్పుతుంది. డేటా పట్టికల్లాంటి పొడుగు సెట్లు విడత మొదట్లోనే పెట్టుకో.

విరామానికి ఒకటే నియమం: కళ్లకీ చేతికీ ఇంకో తెర ఇవ్వకూడదు. రీలు చూస్తే తల ఖాళీ అవ్వదు, ఇంకో సరుకుతో నిండుతుంది. లేచి నీళ్లు తాగు, డాబా ఎక్కి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టునో ట్యాంకునో చూడు. విరామానికీ టైమరు పెట్టాలి, చాలామంది వదిలేసేది అదే.

అసలు ఫోన్‌లో టైమరు వద్దు. ఆపడానికి చెయ్యి వేస్తావు, నోటిఫికేషన్ కనిపిస్తుంది, అంతే. తిప్పే వంటింటి టైమరు దొరికితే మేలు. దాన్ని నేరుగా 25 దగ్గర ఆపకుండా, ముందు బాగా దాటించి తిప్పి వెనక్కి తేవాలి. లోపలి స్ప్రింగు సరిగ్గా బిగియకపోతే కొన్ని ముందే ఆగిపోతాయి, కొన్ని మోగనే మోగవు.

కంటోన్మెంట్:
50కి మార్చడం తప్పేం కాదు గానీ, 25కే చుక్కలు నిండిపోతున్నవాడికి 50 పెడితే చుక్కలు రెట్టింపవుతాయి. పది విడతల్లో ఎనిమిది రద్దు కాకుండా సాగుతున్నప్పుడే పెంచు, విరామాన్నీ 10కి పెంచు. బట్టీ బిట్లకీ కరెంట్ అఫైర్స్‌కీ 25 చాలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఉక్కపోతలో 15 పెట్టుకున్నా నామోషీ లేదు.

పైవాళ్లు చెప్పనిది ఒకటుంది. పరీక్షలో 150 ప్రశ్నలకి 150 నిమిషాలు, మధ్యలో ఎవరూ విరామం ఇవ్వరు. కాబట్టి పరీక్షకి నెలన్నర ముందు నుంచి మాక్ టెస్టులు ముందు 75, తర్వాత 100, చివరికి 150 నిమిషాలు ఏకబిగిన రాయి. మిగతా చదువు పొట్టి విడతల్లోనే ఉండనీ.

రోజు లెక్క కూడా వేసుకో. నాలుగు విడతలు, మధ్య మూడు విరామాలు కలిపి 115 నిమిషాలు. తర్వాత 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం, దాన్ని టిఫినుకో భోజనానికో కలుపుకో. అలాంటి సెట్లు మూడంటే నికరంగా చదివింది 5 గంటలు, గడియారంలో మాత్రం పావు తక్కువ ఏడు గంటల దాకా. గోడమీద 14 గంటల టైంటేబుల్ అతికించేవాళ్లు వేసుకోనిది ఈ లెక్కే.

ఏడురోడ్ల జంక్షన్:
చాలా థాంక్స్ అన్నా. గీతలే ఎక్కువ వస్తాయనిపిస్తోంది, లైబ్రరీకి మారిపోతాను. మరక్కడ టైమరు మోగితే అందరూ తిరిగి చూస్తారు కదా?

నాగావళి గట్టు:
టిక్‌టిక్‌మనే టైమరు అక్కడికి పట్టుకెళ్లకు. వైబ్రేషన్ ఉన్న చేతిగడియారం ఉంటే సరిపోతుంది. లేకపోతే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, అలారం దానికి ఆగదు. 'డిస్టర్బ్ చేయవద్దు' పెడితే మాత్రం అందులో అలారాలకి అనుమతి ఉందో లేదో చూసుకో. అలారం శబ్దం తీసేసి వైబ్రేషన్ మాత్రమే ఉంచి జేబులో వేసుకో, బల్లమీద పెట్టావంటే మోగినదానికంటే పెద్ద చప్పుడు చేస్తుంది.