తుఫాను తర్వాత జలాశయంపై కనిపించినది సబైన్ గల్లా, కిట్టివేక్ పిల్లా?

దుర్భిణి:
తుఫాను వెలిసిన మరునాడు, అక్టోబరు మూడో వారంలో, తీరానికి 200 కిలోమీటర్ల దూరాన, లోతట్టున ఉన్న జలాశయంపై నల్లతల గల్ అనే సముద్ర పక్షుల గుంపులో ఒక కొత్త పక్షి ఇరవై నిమిషాల పాటు తిరిగింది. రెక్క కొస నల్లగా ఉంది, వెనుక అంచున వెడల్పైన తెల్లని త్రిభుజం ఉంది, తోక కొద్దిగా చీలి ఉంది, శరీరం పక్కవాటికన్నా చిన్నది. ఇది ఈ ఏడు పుట్టిన సబైన్ గల్ అని నా నిర్ణయం. ఆర్కిటిక్‌లో గూడు కట్టి, శీతకాలానికి పెరూ, నమీబియా తీరాల చల్లని ప్రవాహాల వైపు నడిసముద్రం మీదుగా సాగిపోయే ఈ పక్షి లోతట్టున కనిపించడం అరుదే గాని అసంభవం కాదు. 1987 అక్టోబరు మహా తుఫాను తర్వాత దక్షిణ ఇంగ్లండులో ఇవి అసాధారణ సంఖ్యలో కనిపించాయి. మూడు ఫొటోలు జతచేశాను: మొదటిది రెక్కలు పూర్తిగా చాచినప్పటిది, రెండోది మలుపు తిరుగుతున్నప్పటిది, మూడోది రాతిపై వాలినప్పటిది.

రెక్కలెక్క:
దుర్భిణి గారూ, 1987లో జరిగినది మీ పక్షి పేరు చెప్పదు. ఆ గాలే కిట్టివేక్ అనే మరో గల్ జాతినీ తోసుకొస్తుంది. తెల్లని త్రిభుజమూ చాలదు, ఎందుకంటే కిట్టివేక్ పిల్ల రెక్క వెనుక భాగమూ తెల్లనిదే, దాని రెక్క లోపలి సగం మీద ఏటవాలుగా సాగే నల్లపట్టీ దూరాన చెదిరిపోతే మన కంటికి త్రిభుజమే మిగులుతుంది. మీ రెండో ఫొటోలో ఆ పట్టీ నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. పరిమాణాన్ని కూడా నమ్మవద్దు. పొడవాటి లెన్సులో వెనుకనున్న పక్షి ఉన్నదానికన్నా పెద్దదిగా, ముందున్నది చిన్నదిగా అనిపిస్తుంది. మీ పక్షి గుంపుకన్నా మీకు దగ్గరగా ఉండి ఉండవచ్చు. నాది కిట్టివేక్ పక్షం.

ఒండ్రుగట్టు:
కిట్టివేక్ శాస్త్రీయ నామంలోని ట్రైడాక్టైలా అనే మాటకు మూడు వేళ్లది అని అర్థం. ఒడ్డున బురదలో అడుగుజాడలు చూస్తే తేలిపోదా?

రెక్కలెక్క:
తేలదండీ. గల్ పక్షులన్నిటికీ వెనుక వేలు చిన్నది, కాస్త పైకి ఉంటుంది, కనుక దాని ముద్ర చాలాసార్లు నేలమీద పడనే పడదు. ఆలోచన మాత్రం ముచ్చటగా ఉంది.

తీరరేఖ:
ఇద్దరూ ఎగిరే ఫొటోల మీదే వాదించుకుంటున్నారు గాని, మూడోదాన్ని పెద్దది చేసి వీపు చూడండి. గోధుమ బూడిద రంగు ఈకలు, ఒక్కొక్కదానికి లేత అంచు, వరసగా చేప పొలుసుల్లా ఉన్నాయి; ఆ గోధుమ రంగు మెడ వెనుక నుంచి రొమ్ము పక్కలకూ దిగింది. కిట్టివేక్ పిల్లకు వీపు పొలుసుల్లేని బూడిద రంగులో ఉంటుంది, మెడ వెనుక కంఠహారంలా నల్లని పట్టీ ఉంటుంది. కాబట్టి కిట్టివేక్ కాదు.

అయితే సబైన్ అనేముందు, మీరెవరూ తలచుకోని మూడో పక్షిని తప్పించాలి. గల్ జాతుల్లోకెల్లా చిన్నదైన లిటిల్ గల్ పిల్లకూ వీపు ముదురు గోధుమ రంగే, రెక్క మీద ఏటవాలు నల్లపట్టీ కూడా ఉంటుంది. రెక్కలెక్క గారు చూసిన పట్టీ నిజమే అయితే అది కిట్టివేక్‌కన్నా దీనికే సరిపోతుంది. కానీ లిటిల్ గల్ పిల్ల శరదృతువులోనే ఈకలు మార్చుకుంటూ వీపు మీద బూడిద ఈకలు తెచ్చుకుంటుంది, సబైన్ పిల్ల శీతకాలపు నెలవు చేరేదాకా తొలి ఈకలతోనే ఉంటుంది. అక్టోబరు మూడో వారంలో ఈ వీపు మీద ఒక్క బూడిద ఈక కూడా లేదు. పైగా లిటిల్ గల్‌కు మొదటి ఫొటోలోని తెల్లని త్రిభుజం ఉండదు.

రెక్కలెక్క:
మూడో ఫొటోను నేను నిర్లక్ష్యం చేశాను. రెండోదానిలో నాకు పట్టీగా తోచినది, మలుపులో రెక్క మడిచినప్పుడు భుజం ఈకలు వేసిన నీడే కావాలి, ఎందుకంటే మొదటి ఫొటోలో దాని జాడ లేదు. సబైన్ అని ఒప్పుకుంటున్నాను. దుర్భిణి గారు మొదట చూపిన కారణాలతో మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

దుర్భిణి:
అది న్యాయమే. నమోదు పత్రంలో పరిమాణం, 1987 ప్రస్తావన కొట్టివేసి, వీపు ఈకల వివరాన్ని మొదటి వాక్యంగా పెట్టాను. త్రిభుజాన్ని ఉంచాను, లిటిల్ గల్‌ను తప్పించడానికి.