పాత పద్మిని కారులో గ్లాసు పెట్టుకునే చోటు ఎలా?

ప్రశ్న:
మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మినిని ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. గేరు స్టీరింగు పక్కనే ఉండడం వల్ల, ముందు సీటు ఒకటే బల్లలా ఉండడం వల్ల మధ్యలో కన్సోల్ (సామాను పెట్టుకునే అర) లేదు. విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చేటప్పుడు నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకోవలసి వస్తోంది. డ్యాష్‌బోర్డుకు రంధ్రాలు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఏదైనా మార్గం చెప్పగలరా?

మొదటి జవాబు:
రంధ్రం పెట్టకపోవడమే మంచిదండి, రంగు లేచిన రేకుకు తుప్పు అక్కడే మొదలవుతుంది. నేను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చిన్న పెట్టె చేయించి, దాని అడుగును కారు నేల మధ్యనున్న ఉబ్బు వంపుకు సరిపోయేలా ముందు అట్టముక్క మీద గీసుకుని కోయించాను. సీసా అడుగు కొలిచి, దానికన్నా 5 మిల్లీమీటర్లు వెడల్పుగా పెట్టె పైభాగంలో రంధ్రం తీయించండి. అడుగున రబ్బరు షీటు అతికించి, లోపల ఇసుక సంచి పెడితే బరువుకు కదలదు. పైన సీటు రంగు రెక్సిన్ చుట్టిస్తే కారుతో పాటే వచ్చినట్టుంటుంది.

రెండవ జవాబు:
పై సలహా బాగుంది గానీ, పెట్టెను సీటు అంచుకు ఆనించి బెల్టుతో కట్టండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీసా దొర్లి పెడల్ కిందికి చేరితే ప్రాణాలకే ముప్పు. తలుపు అద్దం సందులో తగిలించేవి మాత్రం కొనకండి, అద్దం దించిన ప్రతిసారీ గీతలు పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఆదివారం అట్టముక్కతో కొలతలు తీస్తాను.