తంజావూరు పట్టాభిషేకం పటం: అమ్మాలా, మ్యూజియానికి ఇవ్వాలా, అక్కకు పంపాలా?

కృష్ణతీరం:
తెనాలి దగ్గర మా పాత ఇంటిని బేరం పెట్టాము. హాలు గోడకున్న తంజావూరు శ్రీరామ పట్టాభిషేకాన్ని ముత్తాతగారు 1920 ప్రాంతంలో కుంభకోణం నుంచి తెప్పించారని అమ్మ చెబుతుంది. ఆ గోడవైపు కాళ్లు చాపుకొని కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ ఎరుగరు; శుభలేఖలు అచ్చయి వచ్చినా, పరీక్ష హాల్ టికెట్టు వచ్చినా ముందు ఆ పటం దగ్గర పెట్టి, తరువాతే చేతిలోకి తీసుకొనేవాళ్లం. హనుమంతుడి కిరీటంలో ఊడిన ఎర్రరాయి చోట తాతగారు అతికించిన గాజుముక్క ఇప్పటికీ ఉంది. అమ్మను తీసుకువెళ్లబోయే హైదరాబాదు ఫ్లాటులో నాలుగడుగుల పటానికి తగిన గోడ లేదు. చెన్నై వ్యాపారి ఒకరు మంచి ధర చెబుతున్నారు, అమెరికాలోని అక్క తనకు పంపమంటోంది. ఏది సబబు?

శాసనప్రియుడు:
అక్కగారి కోరికను ముందే పక్కన పెట్టండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చిత్రాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పైగా చెక్క మీద వేసిన పాత చిత్రాలు నమోదు చేయించవలసిన జాబితాలో ఉన్నాయి. ఆ వ్యాపారికి లైసెన్సు ఉందా? ‘1920 ప్రాంతం’ అంటే చాలదు, తేదీ తేలాలి.

తులసికోట:
నిత్యం నైవేద్యం పెట్టిన రాముణ్ణి బేరం పెడతారా? చెంపలు వేసుకోండి.

నిర్మొహమాటం:
అది ప్రాణప్రతిష్ఠ చేసిన విగ్రహం కాదు. తంజావూరులో ఆ పటాలు వేసిన రాజు కులపు చిత్రకారులు, మన తెలుగువాళ్లే, వాటిని అమ్ముకొనే బతికారు. ముత్తాతగారు డబ్బిచ్చి కొన్నది మునిమనవడు డబ్బుకు అమ్మితే పాపం ఎక్కడిది?

మండువా:
అమ్మినా అమ్మండి గాని మ్యూజియానికి మాత్రం ఇవ్వకండి. మా నాన్నగారు పోయాక మా ఇంటి పటాన్ని నలుగురూ చూస్తారన్న ఆశతో ఒక మ్యూజియానికి ఇచ్చాము. తరువాత చూడబోతే అది ప్రదర్శనలో లేదు, గోదాములో ఉందన్నారు. చూపించమంటే పై అధికారి అనుమతి తెమ్మన్నారు. మా అమ్మ ఆ గుమ్మంలోనే కూలబడింది.

రంగులపెట్టె:
గోదాములో ఉండటం అవమానమేమీ కాదు, వెలుతురూ తేమా అదుపులో ఉంటే పటానికి అదే మేలు. చెక్కపై గుడ్డ అతికించి, సుద్దా జిగురూ కలిపిన ముద్దతో ఉబ్బెత్తుగా నగిషీ తీర్చి, దానిమీద బంగారు రేకు అంటిస్తారు. చెక్క సాగినా ముడుచుకున్నా ఆ సుద్దే ముందు బీటలు వారుతుంది. కర్పూరం పొగకు నల్లబడింది కదా అని తడిగుడ్డ పెట్టారో, బంగారం గుడ్డకు అంటుకొని వస్తుంది.

మండువా:
పటానికి మేలు సరే, మా అమ్మ సంగతి?

శాసనప్రియుడు:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. పటం వెనుక ఏమైనా రాసి ఉందా?

వెన్నెల:
ఇంతమంది ఇన్ని మాటలన్నారు, రోజూ ఆ పటం ముందు దీపం పెట్టిన పెద్దావిడ ఏమంటున్నారో ఒక్కరైనా అడిగారా? అక్కగారికి పటమే కావాలా, లేక ఆ ఇంట్లో తనకూ భాగముందని ఎవరైనా అంటే వినాలనుందా?

కృష్ణతీరం:
మీరు మా ఇంటి సంగతి తెలిసినట్టు మాట్లాడుతున్నారు. నాన్నగారు మంచాన పడినప్పుడు ఉద్యోగం మానుకొని వచ్చింది నేను. అక్క పండుగలకు వీడియోలో హారతి కళ్లకద్దుకొని వెళ్లిపోయేది. ఇల్లు అమ్ముతున్నానని తెలిశాకే పటం గుర్తొచ్చింది. ఇక అమ్మ అంటారా, ‘రాముడు ఎక్కడుంటే నేనక్కడ’ అంటుంది. ఆ ఇల్లు కదలనని చెప్పడమే అది, నాకు అర్థం కాదా? రాత్రిపూట ఒంటరిగా పడితే లేపడానికి రాముడు వస్తాడా?

నిర్మొహమాటం:
అసలు సంగతి ఇప్పటికి బయటపడింది. పటానికి గోడ దొరకక కాదు, ఇల్లు అమ్మడానికి అమ్మగారు ఒప్పుకోకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

వెన్నెల:
మీ చాకిరీని ఎవరూ కాదనరు. దానికి బదులుగా అమ్మగారి పటాన్ని ఎవరికివ్వాలో మీరొక్కరే తేల్చడం కుదరదు.

శాసనప్రియుడు:
వీలునామా లేకపోతే నాన్నగారి వాటాకు భార్య, కొడుకు, కూతురు ముగ్గురూ సమాన వారసులే. పటం కూడా ఆ ఆస్తిలోదే అయితే మీరొక్కరే వ్యాపారికి మాట ఇచ్చినా అది నిలవదు.

తులసికోట:
ఫ్లాటులో గోడ లేకపోవడమేమిటి? టీవీ దించండి.

కృష్ణతీరం:
టీవీ గోడ కొలిచాను, సరిపోతుంది. కాని చట్రంతో పాటు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులోనూ తిరగదు. వ్యాపారికి ప్రస్తుతానికి వద్దని చెప్పాను. అక్కతో ఆదివారం మాట్లాడతాను, ఇంటి బేరం గురించి కూడా. అమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. చట్రం విప్పించి తీసుకువెళ్లవచ్చునా?

రంగులపెట్టె:
వడ్రంగిచేత విప్పించవద్దు. పాత మేకులు లాగేటప్పుడు సుద్ద రాలుతుంది. చిత్రాల మరమ్మతు తెలిసినవారిని ఇంటికే పిలిపించండి.

శాసనప్రియుడు:
విప్పినప్పుడు వెనుకవైపు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. తేదీ దొరకవచ్చు.