అప్‌డేట్: పొందూరు ఖద్దరు వీడియోకి ఉచిత సంగీతం దొరికింది

పొందూరు ఖద్దరు మీద 6 నిమిషాల వీడియోకి మాటల్లేని సంగీతం, అదీ స్వతంత్ర కళాకారులది, ఉచితంగా ఎక్కడ దొరుకుతుందని పోయిన నెల అడిగాను. దారి చూపిన అందరికీ థాంక్స్, పనైపోయింది.

ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్ అనే సైటు చూడమన్న సలహాయే పనిచేసింది. ఇన్‌స్ట్రుమెంటల్ ఫిల్టర్ పెట్టాక ప్రతి ట్రాక్‌కీ లైసెన్సు విడిగా చూడాలి. మొదట నచ్చిన ఫ్లూట్ ట్రాక్ మీద ‘ఎన్‌డీ’ ఉంది, అంటే మార్పులు చేయకూడదు. ముక్క కూడా కత్తిరించం కదా అనుకున్నా, వీడియోకి జతచేయడాన్నే, ఈ లైసెన్సులు తయారుచేసిన క్రియేటివ్ కామన్స్ (సీసీ) సంస్థ మార్పుగా లెక్కేస్తుంది. ‘ఎన్‌సీ’ ఉన్నవి వ్యాపారానికి పనికిరావు. మేం చీరల అమ్మకం లింకు పెడుతున్నాం, కాబట్టి అవీ వదిలేశాం. చివరికి ‘సీసీ బై’ గిటార్ ట్రాక్ తీసుకున్నాం, అంటే ఎవరిదో చెప్పి వాడుకోవచ్చు. వీడియో కింద ట్రాక్ పేరు, కళాకారుడి పేరు, దొరికిన చోటు లింకు, లైసెన్సు లింకు ఇచ్చాం.

కళాకారులు తమ సంగీతాన్ని అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో నచ్చిన ధర ఇమ్మన్న చోట సున్నా వేస్తే డౌన్‌లోడ్ అవుతుంది, కానీ అది వినడానికే. పేజీ అడుగున ‘సమ్ రైట్స్ రిజర్వ్‌డ్’ (కొన్ని హక్కులే తమవి, అంటే సీసీ లైసెన్సు) అని ఉంటేనే వీడియో సంగతి ఆలోచించండి.

కాపీరైట్ ఉన్న పాటైనా 30 సెకన్లలోపు వాడితే ఫర్వాలేదనీ, పిచ్ (శ్రుతి) మారిస్తే చాలనీ కొందరు అన్నారు. రెండూ ఉత్తివే. ఫైలు ఎంపీ3లో ఉండాలా, వేవ్‌లో ఉండాలా అన్న చర్చా అనవసరమే అయింది. అసలు ఇబ్బంది వాల్యూమ్: వాలుగ చేప దవడతో పత్తి ఏకే సన్నటి చప్పుడు గిటార్ కింద మునిగిపోయింది. అక్కడ సంగీతం 18 డెసిబెల్స్ తగ్గిస్తే గాని వినపడలేదు.